పట్టా ఉంటేనే పైకి! డ్రోన్‌ పైలట్‌ పరీక్షకు ఏం చదవాలి?

గుంటూరు: మిరప తోటల్లో, వరి చేలల్లో మందు కొట్టేందుకు కూలీలు దొరకని పరిస్థితి ఏటా పెరుగుతోంది. ఎకరాకు పది లీటర్ల మందు నీటితో నిమిషాల్లో పిచికారీ ముగించే డ్రోన్లు గట్టు మీదికి వచ్చేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు మేడలపై చిక్కుకున్న వారికి ఆహార పొట్లాలు, మందులు చేరవేసిందీ ఈ డ్రోన్లే. దీంతో గ్రామీణ యువత చూపు ఈ ఉపాధి వైపు మళ్లింది. అయితే వాణిజ్య అవసరాలకు డ్రోన్‌ ఎగరేయాలంటే చేయి తిరిగి ఉంటే చాలదు. పౌర విమానయాన డైరెక్టరేట్‌ జనరల్‌ (డీజీసీఏ) గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది, అక్కడ నిర్వహించే పరీక్షల్లో నెగ్గి, రిమోట్‌ పైలట్‌ సర్టిఫికెట్‌ పొందడం తప్పనిసరి. పదో తరగతి చదివిన వారెవరైనా రాయదగిన పరీక్షే ఇది. కానీ తప్పుడు పుస్తకం పట్టుకుని చదివితే మాత్రం కష్టమంతా వృథా అవుతుంది.

ఎవరు అర్హులు?

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన డ్రోన్‌ నిబంధనల ప్రకారం అభ్యర్థి వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి. గుర్తింపు పొందిన బోర్డు నుంచి పదో తరగతి ఉత్తీర్ణత చాలు. తొలుత పాస్‌పోర్టు తప్పనిసరి అన్న షరతు ఉండేది. పల్లెల్లో పాస్‌పోర్టు ఉన్నవారు అరుదు కావడంతో 2023 సెప్టెంబరులో ఆ నిబంధనను సడలించారు. ఓటరు గుర్తింపు కార్డు, రేషన్‌ కార్డు, డ్రైవింగ్‌ లైసెన్సు వంటి ప్రభుత్వ పత్రాలతోనూ దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. పాత సమాచారం నమ్మి పాస్‌పోర్టు కార్యాలయం చుట్టూ తిరుగుతున్న వారు ఈ విషయం గమనించాలి.

మినహాయింపులూ ఉన్నాయి. 250 గ్రాములు మించని నానో డ్రోన్‌కు ఈ సర్టిఫికెట్‌ అక్కర్లేదు. రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేసుకున్నా అవసరం లేదు. అదే మైక్రో డ్రోన్‌తో పెళ్లి వీడియో తీసి రుసుము పుచ్చుకుంటే అది వాణిజ్యమే. ఊరూరా ఫొటో స్టూడియోల వారు ఎక్కువగా పొరబడుతున్నది ఇక్కడే.

ఈ పరీక్షను విడిగా రుసుము కట్టి నేరుగా రాసే అవకాశం మన దేశంలో లేదు. ముందు శిక్షణ, ఆపైనే పరీక్ష. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌ బేగంపేటలోని తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్‌ అకాడమీ తెలుగు రాష్ట్రాల్లో ఇటువంటి శిక్షణ అందించిన సంస్థల్లో ఉన్నాయి. ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. చేరేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో, ఏ తరగతి డ్రోన్‌కు అనుమతి ఉందో సరిచూసుకోవాలి. గుర్తింపు లేని సంస్థ ఎంత అందమైన ధ్రువపత్రం ఇచ్చినా చట్టం ముందు అది చిత్తు కాగితమే. వేల రూపాయల రుసుము చెల్లించాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

ఇంటర్నెట్‌ పాఠాలతో తంటా

శిక్షణకు ముందే కొంత చదువుకుందామని కూర్చునే అభ్యర్థికి మొదటి చిక్కు ఇంటర్నెట్‌లో ఎదురవుతుంది. డ్రోన్‌ పైలట్‌ పరీక్ష అని వెతికితే వచ్చే ఉచిత వీడియోలు, నమూనా ప్రశ్నల్లో అధిక భాగం అమెరికావి. అక్కడ 2016 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న పార్ట్‌ 107 నిబంధనల కింద ఫెడరల్‌ ఏవియేషన్‌ అడ్మినిస్ట్రేషన్‌ నిర్వహించే రాత పరీక్షలో 60 ప్రశ్నలు ఉంటాయి, రెండు గంటల వ్యవధి, 70 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణత. వయసు 16 నిండితే చాలు. ఎగరేసి చూపించే పరీక్ష అసలు లేదు. అక్కడి మన తెలుగు విద్యార్థులు ఇంట్లో కూర్చుని చదువుకుని, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసి వచ్చేయగలరు.

ఇక్కడి అభ్యర్థి ఆ పాఠాలు చదివితే గాలి, బ్యాటరీ, రెక్కల సూత్రాల వరకు మేలే. ప్రకృతి సూత్రాలు ఏ దేశంలోనైనా ఒకటే. చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోల్తా పడతారు. అమెరికా గగనతలాన్ని ఆంగ్ల అక్షరాల తరగతులుగా విభజించి చూపే పటాలను బట్టీ పట్టినవారికి మన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాల ప్రశ్న కొత్తగా కనిపిస్తుంది. అక్కడ రెండేళ్లకోసారి పునశ్చరణ శిక్షణ ఉంటుంది. మన సర్టిఫికెట్‌ గడువు పదేళ్లు.

స్వదేశీ నోట్సులోనూ జాగ్రత్త అవసరం. మన దేశంలో 2014 అక్టోబరులో పౌరుల డ్రోన్లపై నిషేధం విధించారు. 2018 డిసెంబరు నుంచి ఒక రకం నిబంధనలు, 2021 మార్చిలో మరో రకం, అదే ఏడాది ఆగస్టులో వాటిని తోసిరాజని ప్రస్తుత నిబంధనలు వచ్చాయి. 2022 ఫిబ్రవరి సవరణతో రిమోట్‌ పైలట్‌ లైసెన్సు అన్న మాటే తొలగి, శిక్షణ సంస్థ ద్వారా వచ్చే సర్టిఫికెట్‌ దాని స్థానంలోకి వచ్చింది. ఎవరి నోట్సులోనైనా లైసెన్సు అని కనిపిస్తే అది పాతదని గుర్తించవచ్చు.

మండలాల లెక్క

చట్టం పాఠంలో గుండెకాయ వంటిది గగనతల విభజన. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే డ్రోన్‌ లేవకూడదు. పసుపు మండలంలో విమాన రాకపోకల నియంత్రణ విభాగం అనుమతి కావాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగులు, అంటే 120 మీటర్ల ఎత్తు వరకు అనుమతి అవసరం లేదు.

విమానాశ్రయం సమీపంలో ఈ లెక్క మారుతుంది. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల ముగ్గురు రైతుల పొలాలను ఊహించుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. విమానాశ్రయ సరిహద్దు నుంచి 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలంపై, అక్కడ వేరే ఆంక్షలు లేకుంటే, 400 అడుగుల వరకు స్వేచ్ఛ ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలోని పొలంపై, అంటే 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య, 200 అడుగుల వరకే ఆకుపచ్చ. ఆపైన పసుపు. ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలంపై, అంటే 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య, నేల నుంచే పసుపు. అక్కడ వరి దుబ్బుల మీద రెండు మీటర్ల ఎత్తున మందు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాల్సిందే. దూరాన్ని కొలవాల్సింది విమానాశ్రయ సరిహద్దు నుంచి. రన్‌వే నుంచో, ఊరి బస్టాండు నుంచో కొలిస్తే జవాబు తప్పుతుంది.

పటం నిన్న ఆకుపచ్చగా చూపినంత మాత్రాన నేడూ అలాగే ఉంటుందన్న భరోసా లేదు. అత్యవసరమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం లేదా పోలీసులు, ఎస్పీ హోదాకు తగ్గని అధికారి ద్వారా, ఒక ప్రాంతాన్ని ఒక్కో విడత 96 గంటలు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. ముఖ్యమంత్రి పర్యటనలు, పెద్ద జాతరల వేళ ఇది గుర్తుంచుకోవాలి. ఎగరేసే ప్రతిసారీ ముందుగా డిజిటల్‌ స్కై పటం చూడాలన్న నిబంధన అందుకే పెట్టారు.

బరువు తప్పితే తరగతి తప్పుతుంది

డ్రోన్లను బరువును బట్టి ఐదు తరగతులు చేశారు. 250 గ్రాముల వరకు నానో, ఆపైన రెండు కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్‌, 150 కిలోల వరకు మీడియం, అది దాటితే లార్జ్‌. ఇంతవరకు అందరూ చెబుతారు. ఏ బరువు అన్న దగ్గరే తడబాటు. ఖాళీ డ్రోన్‌ బరువు కాదు, బ్యాటరీతో, మోసే సరకుతో కలిపి గరిష్ఠంగా ఎంత బరువుతో లేవగలదన్నది ప్రమాణం.

బ్యాటరీతో కలిపి 14 కిలోలున్న యంత్రానికి పది లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. లీటరు మందు నీరు సుమారు కిలో బరువు. మొత్తం 24 కిలోలు. అది స్మాల్‌ తరగతి. అదే యంత్రానికి 16 లీటర్ల ట్యాంకు బిగిస్తే 30 కిలోలై మీడియం తరగతిలోకి వెళ్తుంది. స్మాల్‌ తరగతి సర్టిఫికెట్‌ ఉన్న పైలట్‌ దాన్ని ముట్టుకోకూడదు. సర్టిఫికెట్‌ ఏ తరగతికి, ఏ రకానికి ఇచ్చారో దానికే చెల్లుతుంది. మార్కెట్లో పది లీటర్ల ట్యాంకుల డ్రోన్లు విరివిగా కనిపించడంలో ఈ 25 కిలోల గీత పాత్ర తక్కువేమీ కాదు.

తూర్పు గాలి అంటే ఎటు గాలి?

వాతావరణ పాఠం అనగానే అభ్యర్థులు జంకుతారు. నిజానికి పల్లె అభ్యర్థికి అందులో సగం ముందే తెలుసు. గాలి దిశను ఎలా చెప్పాలన్న ప్రశ్న నగర విద్యార్థులను తికమక పెడుతుంది. గాలి ఎటు పోతోందో కాక, ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు పేరుతో పిలవాలి. తెలుగు రైతు తరతరాలుగా చేస్తున్నదీ అదే. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వీచేదని, పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని వేరే చెప్పక్కర్లేదు. విమానయాన నివేదికల్లో ఆ దిక్కును డిగ్రీల్లో రాస్తారు. తూర్పు 090, దక్షిణం 180, పడమర 270, ఉత్తరం 360.

విమానాశ్రయాలు వెలువరించే మెటార్‌ అనే సంక్షిప్త నివేదికలో గాలి వివరం 09008కేటీ అని ఉంటే, తూర్పు నుంచి ఎనిమిది నాట్ల వేగంతో వీస్తోందని అర్థం. నాట్‌ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కాబట్టి ఇది గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. నివేదికలోని సమయం ప్రపంచ ప్రామాణిక కాలమానంలో ఉంటుంది. 0330 అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలిపి మన ఉదయం తొమ్మిదిగా చదువుకోవాలి.

నేల మీద ఆకు కదలకున్నా 30 మీటర్ల ఎత్తున గాలి బలంగా ఉండవచ్చు. కోస్తా తీరంలో పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి పుంజుకుంటుంది. ఉదయం ప్రశాంతంగా ఉందని మధ్యాహ్నానికి పని ఒప్పుకుంటే చిక్కే. పిచికారీకి బొత్తిగా గాలి లేని తెల్లవారుజాము అన్నింటికన్నా మేలన్న నమ్మకమూ సరికాదు. రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చని గాలి పొర మూతలా నిలిచినప్పుడు సన్నని మందు తుంపర్లు కిందికి దిగక తేలుతూ పక్క పొలాలకు చేరతాయి. కలుపు మందు అలా పక్కవారి కూరగాయల తోట మీద పడితే రెండు కుటుంబాల మధ్య తగవే.

ఎండల ప్రభావం ఇంకొకటి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీల వేడి కొత్త కాదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ప్రామాణికంగా లెక్కించే 15 డిగ్రీలతో పోలిస్తే 45 డిగ్రీల వద్ద గాలి సాంద్రత తొమ్మిది శాతానికి పైగా తగ్గుతుంది. అంతే బరువు మోయడానికి రెక్కలు మరింత వేగంగా తిరగాలి, మోటార్లు ఎక్కువ విద్యుత్తు తాగుతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. వేసవి మధ్యాహ్నం నిండు ట్యాంకుతో లేచిన డ్రోన్‌ నవంబరు ఉదయం ఎగిరినంత సేపు ఎగరదు.

బ్యాటరీ లెక్కలు

సిద్ధాంత పరీక్షకూ, ఆ తర్వాత బతుకుతెరువుకూ పనికొచ్చే పాఠం బ్యాటరీదే. డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్‌ బ్యాటరీలో ఒక్కో సెల్‌ సాధారణ వోల్టేజి 3.7. పూర్తిగా చార్జ్‌ అయితే 4.2. ఆరు సెల్‌ల బ్యాటరీపై 22.2 వోల్టులు అని రాసి ఉంటే, నిండుగా ఉన్నప్పుడు అది 25.2 వోల్టులు చూపుతుంది.

ఎంతసేపు ఎగురుతుందో లెక్కగట్టడం కష్టం కాదు. 16,000 ఎంఏహెచ్‌ అంటే 16 ఆంపియర్‌ గంటలు. డ్రోన్‌ సగటున 80 ఆంపియర్లు తీసుకుంటే 16ను 80తో భాగించగా గంటలో ఐదో వంతు, అంటే 12 నిమిషాలు. కానీ బ్యాటరీని అట్టడుగు దాకా వాడితే సెల్‌లు పాడవుతాయి. 80 శాతమే వాడాలన్న జాగ్రత్త పాటిస్తే మిగిలేది 9 నిమిషాల 36 సెకన్లు. ఈ చిన్న లెక్క వేయనివారే పొలం నడిమధ్య డ్రోన్‌ను కూలదోసుకుంటారు. వాడకం లేని రోజుల్లో ఒక్కో సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర నిలిపి చల్లని చోట దాచాలి. నిండా చార్జ్‌ చేసి వారాల తరబడి వదిలేసినా, ఎండలో నిలిపిన ఆటోలో పడేసినా బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన దానిని మళ్లీ చార్జింగుకు పెడితే మంటలు లేచే ప్రమాదముంది.

రేడియో సంభాషణ పాఠం చిన్నది. అల్ఫా, బ్రావో, చార్లీ అంటూ సాగే అక్షరమాల, మేడే, పాన్‌ పాన్‌ అనే ఆపత్సంకేతాల తేడా వస్తే సరిపోతుంది.

ఆపదలో ఏం చేయాలి?

రిమోట్‌కు, డ్రోన్‌కు మధ్య సంబంధం తెగిపోతే యంత్రం తానుగా బయలుదేరిన చోటికి తిరిగి వస్తుంది. ఎంత ఎత్తున రావాలో పైలట్‌ ముందే నిర్ణయించి పెట్టాలి. కోనసీమలో ఆ ఎత్తును పది మీటర్లుగా వదిలేస్తే డ్రోన్‌ నేరుగా కొబ్బరి చెట్టు మొవ్వులోకే వెళ్తుంది. చుట్టుపక్కల ఉన్న అన్నింటికన్నా ఎత్తైన చెట్టు, స్తంభం, సెల్‌ టవర్‌ చూసుకుని, దానికి పైన కొంత వదిలి ఎత్తు నిర్ణయించాలి. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలు, స్తంభాల స్టే వైర్లు తెర మీద కనిపించవు. కంటితో వెతకాల్సిందే. దిక్సూచిని సరిచేసేటప్పుడు బోరు మోటారు, ఇనుప పైపులు, ట్రాక్టరు పక్కన నిలబడితే అది తప్పు దిక్కు చూపుతుంది.

నాలుగు రెక్కల డ్రోన్‌లో రెండు సవ్య దిశలో, రెండు అపసవ్య దిశలో తిరగడం వల్లే యంత్రం బొంగరంలా తిరగకుండా నిలుస్తుంది. ఒక మోటారు ఆగితే నాలుగు రెక్కలది సాధారణంగా పడిపోతుంది, ఆరు రెక్కలది నిలదొక్కుకునే అవకాశం ఉంటుంది. కారణంతో సహా చదివితే ఈ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా జవాబు రాయవచ్చు.

రాత పరీక్షతో పాటు ఎగరేసి చూపించాలి. కంప్యూటర్‌ సిమ్యులేటర్‌పై సాధన చేశాకే మైదానంలోకి పంపుతారు. గాల్లో ఒకేచోట నిలపడం, చతురస్రం గీయడం, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం సాధారణ విన్యాసాలు. డ్రోన్‌ ముఖం పైలట్‌ వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అభ్యర్థుల చేతులు వణికేది అప్పుడే. సిమ్యులేటర్‌పై ఈ ఒక్క స్థితిని వీలైనన్ని సార్లు సాధన చేయడం మేలు.

డ్వాక్రా మహిళలకు పదిహేను రోజులు

2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్‌ దీదీ పథకంలో 2023-24 నుంచి 2025-26 వరకు రూ.1,261 కోట్లతో దేశవ్యాప్తంగా 15 వేల స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించారు. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల వరకు కేంద్ర సాయం. సంఘంలో ఎంపికైన మహిళకు ఇచ్చే 15 రోజుల శిక్షణలో పైలట్‌ పాఠాలు ఐదు రోజులే. మిగిలిన పది రోజులు ఎరువులు, పురుగు మందుల పిచికారీకి కేటాయించారు. డ్రోన్‌ను గాల్లోకి లేపడం కన్నా మందును సరైన మోతాదులో, సరైన చోట పడేలా చేయడానికి రెట్టింపు సమయం ఇచ్చారన్నమాట. మామూలు ఐదు రోజుల శిక్షణతో సర్టిఫికెట్‌ పొంది పిచికారీ వ్యాపారంలోకి దిగే యువకులు ఆ రెండో పాఠాన్ని విడిగానైనా నేర్చుకోవాల్సి ఉంటుంది. పురుగు మందుల డ్రోన్‌ పిచికారీకి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులోనే ప్రామాణిక విధానాన్ని విడుదల చేసింది.

పాఠాలు తెలుగులో చెప్పినా సాంకేతిక పదాలు ఆంగ్లంలోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన వారు శిక్షణకు పది రోజుల ముందే పిచ్‌, రోల్‌, యా, థ్రాటిల్‌, పేలోడ్‌ వంటి ఓ యాభై పదాలను అర్థాలతో రాసుకుని అలవాటు చేసుకుంటే తరగతిలో వెనకబడరు. ముక్కు ఎత్తడం దించడం పిచ్‌, పక్కకు ఒరగడం రోల్‌, నిలుచున్న చోటే తిరగడం యా. చేతిలో చిన్న బొమ్మ విమానం పట్టుకుని తిప్పి చూసుకుంటే ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి.

సర్టిఫికెట్‌ చేతికి వచ్చాక కూడా డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. నానో డ్రోన్లకు తప్ప మిగిలిన వాటికి మూడో పక్ష బీమా తప్పనిసరి. మనుషులు ప్రయాణించే విమానం, హెలికాప్టర్‌ ఎదురైతే దారి ఇవ్వాల్సింది ఎప్పుడూ డ్రోనే. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డీజీసీఏకు ఆన్‌లైన్‌లో నివేదించాలి. నిబంధనలు అతిక్రమిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలు 2021 నిబంధనల్లో ఉంది.